దగ్గుతాత నెట్టుకొచ్చిన ఖాళీ పెట్టెలు

నా చిన్నప్పుడు మా వీధి ఆడవాళ్ళు బట్టలు ఆరేశాక మబ్బు పట్టిందా అని చూసేవారు కాదు, రైలొస్తోందా అని చెవులు రిక్కించేవారు. డెబ్భైలలో మాట ఇది. విశాఖపట్నం వన్ టౌన్‌లో, రేవుకి కూతవేటు దూరంలో మా ఇల్లు. ఎక్కడో కొండల్లోంచి ఇనుప ఖనిజం నింపుకుని గూడ్సు బళ్ళు రేవులోకి వచ్చేవి. అక్కడ పెట్టెల్ని ఒడిసిపట్టి తలకిందులు చేసి ఆ మన్నంతా కుమ్మరించేవారు. కుమ్మరించే వేళకి గాలి మా వైపు తిరిగి ఉందా, ఇక చెప్పక్కర్లేదు. దండెం మీది తెల్ల పంచె కాస్తా కాషాయం అయిపోయేది. అన్నం కంచం మీద మూత పెట్టుకుని తినే అలవాటు మా ఇంట్లో చాలాకాలం పోలేదు. దాన్ని అందరూ ఎర్రమన్ను అనేవారు, ఆ రైలుని ఎర్రమన్ను బండి అనేవారు.

వీధి మొత్తానికీ ఆ బండంటే ఒళ్ళుమంట. నాకు మాత్రం ప్రాణం. నిండు బండికి ముందు డీజిల్ ఇంజన్లు రెండో మూడో జతకట్టి ఉండేవి. అవి వస్తుంటే కిటికీ చువ్వలు వణికేవి, నా గుండె కూడా. రేవు లోపల పెట్టెల్ని ఈ లైనులోంచి ఆ లైనులోకి మార్చడానికి ఇంకా పాత బొగ్గింజన్లు తిరుగుతుండేవి. వాటిలో ఒకటి నాలుగడుగులు వేసి దగ్గేది, మళ్ళీ నాలుగడుగులు వేసి దగ్గేది. దానికి నేను దగ్గుతాత అని పేరు పెట్టుకున్నాను. బడిలో ఎక్కం అప్పజెప్పమంటే నీళ్ళు నమిలేదాన్ని గానీ, కూత వినిపించి ఏ ఇంజనో చెప్పమంటే తడుముకునేదాన్ని కాదు. ఆడపిల్లకి ఇదేం పిచ్చని మా అమ్మ నెత్తి కొట్టుకునేది. ఏం చేయను, కొందరికి పూలంటే ఇష్టం, నాకు మసి ఇష్టం.

ఒకరోజు బడి నుంచి వస్తూ పట్టాల పక్కన నిలబడి పెట్టెలు చూస్తుంటే మా నాన్నతో పనిచేసే ఆయన చూసి నాన్నకి చెప్పాడు. మా నాన్న రేవులో గుమాస్తా. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికి వచ్చిన మనిషి, ఊరు కొత్త, భయం ఎక్కువ. పట్టాల మీద జరిగే ప్రమాదాలు రోజూ ఆఫీసులో వినేవాడు. ఆ సాయంత్రం నన్ను కొట్టలేదు, ఎదురుగా కూర్చోబెట్టుకుని చాలా నెమ్మదిగా మాట్లాడాడు. బడికి వెళ్ళాలి, ఇంటికి రావాలి, రైలు మాట ఎత్తకూడదు. ఆయన అరిచి ఉంటే ఏడ్చి మర్చిపోయేదాన్ని. ఆయన గొంతులో భయం వినబడింది కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. నాలుగు రోజులు అన్నం సహించలేదు.

మా పక్కింట్లో ఒక ముస్లిం ఆవిడ ఉండేది, ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేదాన్ని. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోయాడు. ఆనందపురంలో దుకాణం ఉన్న అన్నగారు వచ్చి తన ఇంట్లో ఉండమని ఎన్నోసార్లు పిలిచాడు. ఆమె వెళ్ళలేదు. మగదిక్కు లేని ఇల్లని ఎవరైనా జాలిపడితే కుట్టు మిషను మీద చెయ్యి వేసి చూపించేది. వీధిలో నా రైలు కబుర్లు విసుక్కోకుండా వినేది ఆమె ఒక్కతే. మిషను తొక్కుతూ, నోట్లో సూది పెట్టుకుని, దగ్గుతాతకి ఇవాళ దగ్గు తగ్గిందా అని అడిగేది.

నా మొహం చూసి ఆమెకి సంగతి తెలిసిపోయింది. మర్నాడు మా అమ్మ దగ్గరికి వచ్చి చాలా కష్టంలో ఉన్నదానిలా నిలబడింది.

"అక్కా, నాను కిందన మిషను మీద ఉంటాను. పైన బట్టలు కాకులు పాడు సేసేత్తన్నాయి. మీ గుంటని కాసేపు కాపలాకి పంపండక్కా, పున్నెముంటాది."

పక్కింటివాళ్ళు నోరు తెరిచి అడిగితే కాదనే అలవాటు మా ఇంట్లో లేదు. నాన్న కూడా, డాబా మీదే కదా అన్నాడు. ఆయనకి తెలియనిది ఏమిటంటే ఆపా డాబా మీద నుంచి చూస్తే రెండు గిడ్డంగుల సందులోంచి రేవులోకి పోయే లైను కనబడుతుంది. ఆపాకి తెలుసు. నన్ను పిట్టగోడ దగ్గర పీట వేసి కూర్చోబెట్టి, "కాకుల్ని సూడమ్మా, కాకుల్ని" అని కన్ను గీటి కిందికి దిగిపోయింది. అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ, ఇటు ఓడల క్రేన్లు, మధ్యలో నా బళ్ళు. ఆ పీట మీద కూర్చున్నప్పుడు నాకు కలిగిన ఆనందం తర్వాత ఏ రైలు మొదటి తరగతిలో కూర్చున్నా కలగలేదు.

కొన్నాళ్ళకి కాకుల కాపలా నిజంగానే కాపలా అయింది. నిండు బండి లోపలికి వెళ్ళడం చూసి కేక వేసేదాన్ని, ఆపా వచ్చి బట్టలు తీసేసేది. మిగతా వీధి నా కేకని పట్టించుకునేది కాదు. చప్పుడు వినబడగానే తీసేవారు, కొన్నిసార్లు వినక బట్టలు పాడుచేసుకునేవారు.

ఆ ఎండాకాలం ఆపాకి మంచి పని వచ్చింది. పాత ఊళ్ళో పేరున్న పెళ్ళి బ్యాండు ఒకటి కొత్త తెల్ల కోట్లూ ప్యాంట్లూ కుట్టమంది. ఆపా పగలనక రాత్రనక కుట్టి, ఉతికి, నీలిమందు పెట్టి, గంజి పెట్టి ఆరేసింది. నేను బడికి వెళ్ళిన పూట అది. గాలి తిరిగి, తడి గంజి మీద ఎర్రమన్ను పడి అతుక్కుపోయింది. ఎంత ఉతికినా పోలేదు. బ్యాండు మాస్టరు మంచివాడే కాబట్టి ఇంకొక్క అవకాశం ఇచ్చాడు. ఒక పెద్ద షావుకారు ఇంటి పెళ్ళి ఊరేగింపు ఉంది, ఆ సాయంత్రానికి బట్టలు అందాలి, లేదంటే ఇకమీదట వేరేవాళ్ళకి ఇచ్చుకుంటానన్నాడు. ఆపా మళ్ళీ గుడ్డ తెచ్చి కుట్టింది. ఇది కూడా పోతే మిషను అమ్మేసి ఆనందపురం వెళ్ళిపోవడమేనని మా అమ్మతో అంటుంటే విన్నాను. ఆమె అలా అనడం అదే మొదటిసారి.

ఊరేగింపు రోజు ఆదివారం. కుళాయి పొద్దుటే వచ్చి ఆగిపోయేది కాబట్టి ఆ ఉతుకే ఉతుకు, మళ్ళీ నీళ్ళు లేవు. మూడు దండేల నిండా కోట్లు చేతులు చాచుకుని వేలాడాయి. దళసరి గుడ్డ, ఎండ బాగున్నా మధ్యాహ్నం తిరిగితే గానీ ఆరదు. తడిగా ఉండగా తీసి కుప్ప వేస్తే గంజి మడతలకి అంటుకుపోతుంది, నీలం ఒకచోట చేరి మచ్చలు కడుతుంది. ఆరేదాకా తీయకూడదు, ఎర్రమన్ను పడేలోగా తీయాలి. నేను పొద్దుట తిన్న చద్దన్నంతో పీట మీద కూర్చున్నాను.

పొద్దెక్కుతుండగా రేవు వైపు నుంచి ధడధడమని చప్పుడు మొదలైంది. ఆపాకి అవతలి పక్కింటి మామ్మ తన డాబా మీదికి పరుగెత్తుకొచ్చి సందులోంచి తొంగి చూసింది. ఎర్రటి పెట్టెలు రేవు లోపలికి కదులుతున్నాయి.

"ఓలమ్మో, ఎర్రమన్ను బండొచ్చీసింది! తీసీండే, బేగి తీసీండే!"

వీధి మొత్తం లేచింది. చుట్టుపక్కల డాబాల మీద చీరలు, దుప్పట్లు దండేల మీద నుంచి ఎగిరిపోతున్నాయి. మా అమ్మ కొంగు బిగించుకుని పైకి వచ్చి ఆపా కోట్ల మీద చెయ్యి వేసింది. మామ్మ సాయానికని పిట్టగోడ దాటి మా వైపు వచ్చేసింది.

నేను చూస్తూనే ఉన్నాను. ఆ పెట్టెలు ఎర్రగా ఉన్నాయి, నిజమే. మన్ను మోసి మోసి ఖాళీ పెట్టెలు కూడా అలాగే ఉంటాయి. పైన కుప్పలు లేవు. ముందు డీజిల్ ఇంజన్లు లేవు, గార్డు పెట్టె ముందుంది. వెనకాల నల్లగా పొగ. నాలుగడుగులు, దగ్గు. నాలుగడుగులు, దగ్గు. ఖాళీ పెట్టెల్ని లైను మార్చడానికి దగ్గుతాత మళ్ళీ రేవు వైపు నెట్టుకొస్తున్నాడు. అంత గలగలలాడేది ఖాళీ పెట్టెలే, నిండు పెట్టెలు మూలుగుతాయి.

తీయొద్దని అరిచాను. ఎవరూ వినలేదు. రెండు చేతులూ చాచి దండేనికి అడ్డం నిలబడ్డాను. అమ్మ నా రెక్క పట్టుకుంది.

"ఆ గుంటకేటి తెలుసే?" అని మామ్మ కోప్పడింది. "దాని మాటిన్నావంటే ఎర్ర కోట్లేసుకుని ఊరేగుతారే ఆ బ్యాండోళ్ళు!"

అప్పటికి ఆపా మెట్లెక్కి వచ్చింది. ఒక చేతిలో కత్తెర అలాగే ఉంది. మొహంలో రక్తం లేదు. మామ్మని చూడలేదు, అమ్మని చూడలేదు. నా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"నువ్వు సూసినావా, సప్పుణ్ణి బట్టి సెప్తన్నావా?"

"సూశానాపా. ఎనక దగ్గుతాత నెడతన్నాడు. అవి ఖాళీ పెట్టెలు."

ఆమె నా కళ్ళలోకి ఒక్క క్షణం చూసి లేచింది.

"పిల్ల సూసింది. మనం ఇన్నాం, అంతే. ఉండనీండి అక్కా."

ఆ తర్వాత కాసేపు పడ్డంత భయం నా జన్మలో ఎరగను. అందరూ ఎవరి డాబా మీద వాళ్ళు బట్టల మూటలు పట్టుకుని మా వంకే చూస్తున్నారు. నేను చూసింది నిజమేనా అని నాకే అనుమానం వచ్చింది. ఆపా మాత్రం ఒక కోటు చెయ్యి పట్టుకుని తడి చూస్తూ నిలబడింది. గలగలలు దగ్గరై, దూరమై, ఆగిపోయాయి. దగ్గుతాత ఒక కూత కూసి ఊరుకున్నాడు. గాలిలో ఏమీ రాలేదు. కోట్లు తెల్లగా ఊగుతున్నాయి. మా అమ్మ నా రెక్క వదిలి, పట్టుకున్నచోట రాసింది.

మామ్మ గొణుక్కుంటూ వెళ్ళి తన బట్టలు మళ్ళీ ఆరేసుకుంది.

మధ్యాహ్నం తిరిగింది. సముద్రం గాలి మొదలైంది. గుడ్డ చేతికి పెళపెళలాడుతోంది. అప్పుడు వచ్చింది అసలుది. ముందు పీట అదిరింది, తర్వాత చప్పుడు. మూడు డీజిల్ ఇంజన్లు, వాటి వెనక ఎర్రటి కుప్పలతో మూలుగుతూ పెట్టెలు. నేను పెట్టిన కేకకి వీధి చివరి కుక్కలు లేచాయి. ఈసారి అమ్మ నన్ను ఏమీ అడగలేదు. ఆపా, అమ్మ, నేను, ఒక్క పరుగున మూడు దండేలూ ఖాళీ చేశాం. ఆఖరి కోటు గడప దాటి లోపలికి చేరి, ఆపా బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేసేసరికి, డాబా గచ్చు మీద ఎర్రగా పొర పడింది. పొద్దుట వీధినంతా లేపిన మామ్మ, నా కేకని నమ్మక, ఇదీ ఖాళీదేలే అనుకుని, చీర దండెం మీదే వదిలేసింది. పాపం, తెల్ల చీర. సాయంత్రం ఆవిడ ఆ చీర చూసుకుని తనే ముందు నవ్వింది కాబట్టి మేమూ నవ్వాం.

దీపాలు పెట్టే వేళకి బ్యాండువాళ్ళు వచ్చారు. ఆపా వరండాలోనే బట్టలు మార్చుకున్నారు. వాళ్ళు బయటికి వస్తుంటే వీధి వీధంతా అరుగుల మీదికి వచ్చి చూసింది. ఆ తెలుపు ఇంకా నా కళ్ళలో ఉంది. మాస్టరు ఆపాకి నమస్కారం పెట్టి, ఊరేగింపుకి వెళ్ళే ముందు ఆమె గుమ్మంలో ఒక పాట వాయిస్తానన్నాడు. ఆపా అడ్డంగా తలూపి, నా భుజాలు పట్టుకుని ముందుకి నెట్టింది.

"ఈ అమ్మ కోసరం వాయించండి. మీ కోట్లు ఈ అమ్మే కాపాడింది."

డోలు మోగింది, క్లారినెట్ లేచింది, ఆ ఇరుకు వీధి దద్దరిల్లిపోయింది. అంత పెద్ద పెద్ద మగవాళ్ళు, తెల్ల కోట్లలో, లంగా జాకెట్టు వేసుకున్న నా ఒక్కదాని ముందు నిలబడి వాయిస్తున్నారు. నేను సిగ్గుపడలేదు. గడ్డం ఎత్తుకుని నిలబడ్డాను. సెలవైనా పని ఉండి రేవుకి వెళ్ళిన మా నాన్న అప్పుడే వచ్చి వీధి మొదట్లో సైకిలు పట్టుకుని ఆగిపోయాడు. ఎవరింట్లో పెళ్ళని ఎవర్నో అడిగాడట. అమ్మ వెళ్ళి చెవిలో అంతా చెప్పింది. ఆయన సైకిలు గోడకి ఆనించి పాట అయ్యేదాకా విన్నాడు. మర్నాడు ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, "ఇవాళ ఎన్ని ఇంజన్లు పెట్టారమ్మా నీ బండికి?" అని అడిగాడు. ఆ తర్వాత ఆదివారాలు సైకిలు మీద ఎక్కించుకుని తనే స్టేషనుకి తీసుకెళ్ళేవాడు.

ఆపా ఆనందపురం వెళ్ళలేదు. ఆమెకి మిషన్లు పెరిగాయి, బజారులో బోర్డు పెట్టింది. ఎనభైలలో ఆ లైనుకి కరెంటు ఇంజన్లు వచ్చాయి, ఊరవతల ఉక్కు కర్మాగారానికి రాక్షసుల్లాంటి యంత్రాలు రైళ్ళ మీద దిగాయి. అన్నీ చూశాను. ఇన్నేళ్ళొచ్చినా గూడ్సు బండి పోతుంటే పని ఆపి నిలబడతాను, మా వాళ్ళు నవ్వుతారు.

బళ్ళ సంగతి అలా ఉంచితే, ఆ రోజు నుంచి నాకు ఒక అలవాటు మిగిలింది. ఇంట్లోగానీ వీధిలోగానీ పదిమంది పెద్దవాళ్ళు ఒక మాట మీద ఉండి, ఒక చిన్నపిల్ల కాదంటూ అడ్డం నిలబడితే, నేను మోకాళ్ళు నొప్పెడుతున్నా ఆ పిల్ల ముందు కూర్చుంటాను. నువ్వు ఏం చూశావమ్మా అని అడుగుతాను. చూశానంటే చాలు, లేచి ఆ పిల్ల పక్కన నిలబడతాను.