ఈశాన్యంలో బరువు

మా త్రినాథరావుకు ఏదైనా పట్టుకుందంటే ఇక వదలదు. స్టీల్‌ప్లాంటులో నాతోపాటు క్రేన్ నడుపుతాడు. డ్యూటీ దిగాక మనిషన్నవాడు కాస్త నడుం వాలుస్తాడు కదా! ఈయన మాత్రం పెందుర్తి ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని తన గది బొమ్మే గీసుకుంటాడు. చూస్తే నాకు ఒళ్ళు మండేది.

"ఏటి బావా ఈ పిచ్చి?" అనడిగాను.

"కామేశ్వరి కోసం బావా" అన్నాడు.

కామేశ్వరి ఆయన భార్య. మృదంగం వాయిస్తుంది. కచేరీ అవకాశం కోసం ఇంట్లోనే రికార్డు చేసి సభవాళ్ళకు రెండుసార్లు పంపితే, రెండుసార్లూ ఒకటే జవాబు: మృదంగం ఎడమవైపు నాదం ముద్దగా ఉంది. ఈసారీ తిరిగొస్తే మృదంగం అటకెక్కించేస్తానంది. ఆ రోజు త్రినాథరావు అన్నం సరిగ్గా తినలేదు.

ఆయన లాప్‌టాప్‌లో ఉన్నది, గది కొలతలు కొడితే బరువైన నాదం ఎక్కడ పేరుకుంటుందో రంగుల్లో చూపే సాఫ్ట్‌వేర్. నాలుగు మూలలూ ఎర్రగా వచ్చాయి. వేడి పోకుండా పైపులకు చుట్టే రాక్‌వూల్‌ను స్తంభంలా కట్టి ఒక్క మూలలో నిలబెట్టినట్టు బొమ్మలో గీసేసరికే, తెరమీద ఎరుపు బాగా తగ్గింది. మూడు మూలల్లో తలుపు, బీరువా, కిటికీ ఉన్నాయి. ఖాళీగా ఉన్నది ఈశాన్యం ఒక్కటే.

తల్లి రామలక్ష్మమ్మ ఊరుకుంటుందా! "ఈశాన్యంలో బరువెడతావేట్రా? ఇల్లు కలిసొస్తాదా?" అని గది గుమ్మంలో బైఠాయించింది. నిజం చెప్పొద్దూ, నేనూ ఆవిడవైపే మాట్లాడాను. వారం గడిచింది. రికార్డింగ్ పంపడానికి రెండ్రోజులే మిగిలాయి.

చివరికి త్రినాథరావు లాప్‌టాప్ తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టాడు.

"ఈ ఎర్రదేట్రా?"

"మృదంగం సప్పుడమ్మా. బరువంతా ఆ మూల కూకుండిపోయింది. కదల్దు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసింది. "ఓరి, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! ఈశాన్యంలో ఇంత బరువెట్టుకుని ఇన్నాళ్ళూ సెప్పవేట్రా? ముందది తీసీ!"

మర్నాడే ఆ మూల స్తంభం నిలబెట్టాం. కామేశ్వరి ఎడమచేత్తో ఒక్క దెబ్బ వేసి ఆగిపోయింది. మళ్ళీ వేసింది. నాదం గుండ్రంగా పలికి, ఎక్కడిదక్కడ ఆగింది. అబద్ధమెందుకు, నాకూ తేడా తెలిసింది. చూస్తే కామేశ్వరి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఏటే, ఏడుస్తన్నావు?" అంది అత్తగారు.

"నా సెయ్యి మంచిదే అత్తా."

"కాదని ఎవులన్నారే?"

"ఎవులూ అన్నేదు. నానే అనుకున్నాను."