గ్రేవీ ఇటివ్వు, ప్లీజ్

మా బావ వెర్లిన్, బాస్ అనే చేపలు పట్టడంలో మొనగాడు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు ముప్పై ఏళ్ళు పట్టింది. ఇప్పుడు కూడా పళ్ళు నూరుకుంటూనే చెబుతున్నాను. ఇంటి వెనక షెడ్డులో గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపాలు బాగుచేయడం ఆయన వృత్తి. ఆ షెడ్డు గోడ నిండా చేపల పోటీల్లో గెలిచిన కప్పులే. బయట తళుకులద్దిన పడవ, అందులో సీసం గుండు కట్టిన రబ్బరు వానపాములు. చేప ఎర నోట కరవగానే రెండు చేతులతో, నడుం విరుగుతుందేమో అన్నట్టు వెనక్కి గుంజుతాడు. "చేపకి మెల్లకన్ను పడాలిరా డోయల్. పడకపోతే నువ్వు లాగినట్టే కాదు" అంటాడు నాతో. మా మిస్సోరీ కొండల్లో బాస్ పట్టే మగాళ్ళందరికీ అదే వేదం.

మా అక్క రీథా దారి వేరు. ఈగలా కనబడేలా ఈకలూ జింక వెంట్రుకలూ చుట్టిన, బరువన్నది లేని గాలం ఆవిడది. పొడుగాటి సన్న కర్ర పట్టుకుని కెటిల్ వాగులో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా పొద్దంతా పట్టేది. మా తాత నేర్పిన విద్య అది. నాకూ నేర్పబోయాడుగానీ నాకు ఎక్కలేదు. బావ దాన్ని "ఈగలు తోలడం" అనేవాడు. ఆవిడ ఆయన పడవని "నీళ్ళమీది నగలకొట్టు" అనేది. ఆయన చెరువులు ఆయనవి, ఆవిడ వాగు ఆవిడది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం అలాగే సాగింది.

కిందటి అక్టోబరులో అక్క పశువుల పాకలో గడ్డి అటక నిచ్చెన మీంచి పడింది. కుడి భుజం నుజ్జయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు, చెయ్యి పనిచేస్తుందిగానీ భుజం దాటి పైకి లేవదని చెప్పేశాడు. చలికాలం పోయింది, వసంతం పోయింది. వాగు సంగతి దేవుడెరుగు, ఆవిడ గేటు దాకా కూడా రాలేదు. కిటికీ పక్క కుర్చీలో కూచుని టీవీలో వాన కబుర్లు చూడడమే పని. మా ఊళ్ళో టపా పంచేది నేనే. బండి ఆపి ఉత్తరాలు లోపలికి తీసుకెళ్ళి ఇస్తే, విప్పకుండానే బల్లమీద పడేసేది. నాకు ఒళ్ళు మండేది. కాని దెబ్బలాడడానికి ఆవిడలో పాత అక్క లేదు.

జూన్ మొదటి వారంలో, వచ్చే శనివారం ఇంటి ముందు పాత సామాన్లు అమ్మేస్తున్నానంది. ఆదివారం నేనూ బావా చర్చి నుంచి వచ్చేసరికి బల్లల మీద వాఫిల్ పెనం, చిరిగిన దీపాల గొడుగులు, వాటి పక్కన ఆవిడ గాలం కర్ర. దానికి ధర చీటీ కూడా అంటించేసింది.

"అదెందుకు పెట్టావు?" అన్నాడు బావ.

"నా చెయ్యి లేవదు. నీకు చేతకాదు. గోడకి వేలాడి అదేం ఉద్ధరిస్తుంది?"

"నాకు చేతకాదని ఎవరన్నారు?"

"నువ్వే. ముప్పై ఎనిమిదేళ్ళబట్టీ అంటున్నావు, ఈగలు తోలడం మగాడి పని కాదని."

"నేర్చుకుంటాను."

అక్క ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. మంచి నవ్వు కాదది. "సరే వెర్లిన్. శనివారం ఎనిమిదింటికి అమ్మకం. ఈలోగా దాంతో ఒక్క బాస్ పట్టు. అరచేతిలో పట్టే పిల్లచేపలు చెల్లవు, బాస్ చేపే అవ్వాలి. పడితే కర్ర అమ్మను."

ఆ సాయంత్రం బావ నన్ను షెడ్డులోకి పిలిచాడు. "ఆ కర్ర గుమ్మం దాటిందంటే మీ అక్క మళ్ళీ వాగు మొహం చూడదురా. ఆ కుర్చీలో కూచుని కూచుని అక్కడే అయిపోతుంది. నాకు భయంగా ఉంది" అన్నాడు. బావ నోట భయం అన్న మాట నేనెప్పుడూ వినలేదు.

సోమవారం పెరట్లో సాధన మొదలైంది. బావకి తెలిసిన గాలంలో బరువంతా ఎరలో ఉంటుంది. విసిరితే ఎరే దారాన్ని లాక్కుపోతుంది. ఈ గాలానికి బరువు లేదు, ఉన్న బరువంతా లావుపాటి దారానిదే. కర్రని వెనక్కి ఎత్తి, దారం వీపు వెనక పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు వెయ్యాలి. ఆ ఆగడంలోనే ఉంది విద్యంతా. దానికి మా తాత ఒక కిటుకు చెప్పేవాడు. కర్ర వెనక్కి వెళ్ళగానే, భోజనాల బల్ల దగ్గర అన్నట్టు "గ్రేవీ ఇటివ్వు, ప్లీజ్" అనుకోవాలి. మాట పూర్తయ్యాకే ముందుకు వెయ్యాలి.

అక్క కిటికీలోంచి ఇది చెప్పింది. బావ "గ్రేవీ ఇటివ్వు" అని విసిరాడు. దారం కొరడాలా ఛెళ్ళుమంది. చివరనున్న గాలం తెగి ఎటో పోయింది.

"తొందరపడ్డావు" అంది అక్క.

"అన్నాను కదా గ్రేవీ!"

మళ్ళీ ఛెళ్ళు. మళ్ళీ ఇంకో గాలం. అవన్నీ అక్క చెయ్యి బాగున్నప్పుడు చుట్టినవి. ఇంక చుట్టడం ఆవిడ వల్ల కాదు. ఒక్కొక్కటి తెగినప్పుడల్లా కిటికీలో ఆవిడ మొహం చూడబుద్ధి కాలేదు.

మంగళవారం నేను టపా పంచుకుంటూ వాగు మీది చప్టా దగ్గరికి వచ్చేసరికి బావ వాగు ఒడ్డున కదలకుండా కూచుని ఉన్నాడు. పసుపు ఈకల గాలం ఒకటి ఆయన కుడిచెవి తమ్మెలో దిగి వేలాడుతోంది. చెవిలో పువ్వు అంటారే, అచ్చంగా అదే. శ్రావణం పెట్టి తీశాను. నేను నవ్వినంతసేపూ ఆయన మా వంశాన్ని తాతదాకా తిట్టాడు. బుధవారం సగం రోజు ఒడ్డునున్న సికమోర్ చెట్టు కొమ్మల్లో చిక్కిన దారం విప్పుకోవడంతోనే సరిపోయింది. కర్ర మంచిది కాదన్నాడు, గాలి మంచిది కాదన్నాడు, చివరికి వాగే మంచిది కాదన్నాడు. ఆడలేక మద్దెల ఓడు.

గురువారం రాత్రి వాళ్ళింట్లోనే తిన్నాను. మెత్తటి రొట్టెల్లా ఉండే మా బిస్కట్లు, వేయించిన మాంసం, గ్రేవీ. బావ మూతి ముడుచుకుని తింటూ, తల ఎత్తకుండా చెయ్యి చాచి "గ్రేవీ ఇటివ్వు" అన్నాడు. అక్క ఎడమచేత్తో గిన్నె జరిపింది. అప్పుడు వెలిగింది నాకు.

"బావా, ఇంకోసారి అడుగు."

"ఏంటి?"

"గ్రేవీ."

"ఉందిగా, ఇంకెందుకురా?"

"నువ్వు ప్లీజ్ అనవు! ఇక్కడా అనవు, అక్కడా అనవు. ఒక మాట తక్కువవుతోంది నీకు. అందుకే తెగుతున్నాయి."

 అక్క గిన్నె మూతపెట్టి, "ముప్పై ఎనిమిదేళ్ళుగా అదేమాట కోసం నేనూ చూస్తున్నాను తమ్ముడూ" అంది. బావ బిస్కట్టు సగంలో వదిలేసి లేచిపోయాడు.

శుక్రవారం ఆయన నీళ్ళలో నిలబడి గట్టిగా, చప్టా దాకా వినిపించేలా "ప్లీజ్" అంటున్నాడు. దారం బారుగా సాగి, గాలం మెత్తగా నీళ్ళమీద వాలింది. నాకు ఈర్ష్య కూడా వేసింది. సికమోర్ వేళ్ళ కిందనుంచి గోధుమరంగు బాస్ ఒకటి పైకొచ్చి గుటుక్కున అందుకుంది. బావ రెండు చేతులతో మెల్లకన్ను గుంజుడు గుంజాడు. చివరి సన్నదారం పుటుక్కుమంది. అరగంటకి చేప మళ్ళీ గాలం అందుకుంది. మళ్ళీ అదే గుంజుడు, ఈసారి గాలం దాని నోట్లోంచి ఊడి బావ టోపీకొచ్చి తగిలింది.

"చేప అందుకున్నప్పుడు కర్ర కదపకూడదు. కర్ర నీళ్ళవైపే ఉంచి ఎడమచేత్తో దారం లాగాలి" అని అక్క వందసార్లు చెప్పింది. తలకి తెలుసు. చేతులే వినవు. నలభై ఏళ్ళ మెల్లకన్ను ఆ భుజాల్లో ఉంది. డబ్బాలో చివరికి ఒకే ఒక్క గాలం మిగిలింది.

శనివారం తెల్లారకముందే బావ కర్ర పట్టుకుని పోయాడు. ఎనిమిదింటికి అమ్మకమంటే ఏడింటికే జనం దిగారు, మా దగ్గర అంతే. ప్రకటన చూసి పట్నం నుంచి వచ్చిన ఒకాయన గేటు దగ్గర నిలబడి గాలం కర్ర ఏదన్నాడు.

"నా సరుకు ఎత్తుకుపోయాడు!" అని అక్క ఇంటి చెప్పులతోనే నా బండెక్కింది. "పోనియ్. వాగు దగ్గరికి."

ఎనిమిది నెలల్లో మొదటిసారి. వెంటనే బండి కదిలించాను. ఆలస్యమైతే దిగిపోతుందేమోనని భయం.

బావ మోకాలి లోతులో ఉన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రెండుసార్లు పైకొచ్చింది రీథా. రెండుసార్లూ పోగొట్టుకున్నాను. నా వల్ల కాదు. తీసుకుపో" అని కర్ర చాచాడు.

అక్క కర్ర అందుకోలేదు. సికమోర్ వేళ్ళకేసి చూసింది. చెప్పులతోనే నీళ్ళలోకి దిగింది. ఆయన ఎడమపక్కన నిలబడి, "నువ్వు వెయ్యి. దారం నాకివ్వు" అంది.

"నీ చెయ్యి..."

"కుడిది లేవదు. ఇది ఎడమది. కళ్ళు లేవా?"

బావ కర్ర ఎత్తాడు. "గ్రేవీ ఇటివ్వు, ప్లీజ్" అన్నాడు, ఆవిడకే చెబుతున్నట్టు. గాలం వేళ్ళ పక్కనే వాలింది. అక్క ఎడమచేతి వేళ్ళతో దారాన్ని కొంచెం కొంచెంగా లాక్కుంటోంది. నీళ్ళు బుడుంగుమన్నాయి. బావ భుజాలు బిగుసుకున్నాయి.

"కదలకు!"

ఆవిడ చెయ్యి ఒక్క జానెడు వెనక్కి వెళ్ళింది. అంతే. కర్ర విల్లులా వంగింది. గోధుమరంగు బాస్ నీళ్ళలోంచి ఎగిరింది, మూరెడు పొడుగుంది. ఇంకోసారి ఎగిరి, గాల్లోనే తల విదిలించింది. దారం వదులైపోయింది. గాలం నీళ్ళమీద ఒక్కటే తేలుతోంది.

అక్క చర్చికి పోయే మనిషి. ఆ నిమిషంలో ఆవిడ అన్న మాటలు నేను ఇక్కడ రాయను. తడిసిన చెప్పుతో నీళ్ళని తన్నింది. అది నా పాత అక్క.

"మళ్ళీ వెయ్యి" అంది.

బావ గడియారం చూసుకున్నాడు. "ఎనిమిది దాటింది. బాస్ పడలేదు. మాట మాటే. కొనేవాడు ఈపాటికి గేటు దగ్గరుంటాడు."

"వాడి మొహం! మళ్ళీ వెయ్యమంటున్నానా?"

బావ కదల్లేదు. "ఒక మాట తక్కువైంది రీథా" అన్నాడు.

అక్క ఆయన్ని కొట్టేలా చూసింది. దారాన్ని ఎడమచేతికి ఇంకో చుట్టు చుట్టుకుంది. "ప్లీజ్" అంది.

నేను ఒక్కణ్ణే బండి తిప్పుకొచ్చి, గేటు దగ్గరున్నాయనకి కర్ర బదులు వాఫిల్ పెనం చూపించాను.