క్లాంప్‌లో నాలుగు మిల్లీమీటర్లు

తార్నాకలో బస్సు దిగి యూనివర్సిటీ లోపలికి నడిచి వెళ్లే ఆ రోజుల్లో నాకు కాస్త గర్వం ఉండేది. పదో తరగతి తర్వాత ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసి, క్యాంపస్ వర్క్‌షాప్‌లో కాంట్రాక్టు మీద చేరాను. రోబోటిక్స్ టీమ్‌లో ఉన్న ఇంజినీరింగ్ పిల్లలు "అక్కా" అంటూ వచ్చి నాతో డ్రాయింగులు దిద్దించుకునేవాళ్లు. అంత చదువుకునేవాళ్లు నన్ను అడగడం! లాలాగూడలో మా వాడకట్టు మొత్తానికి ఆ సంగతి చెప్పి ఉంటాను.

కాలేజీల పోటీకని కొత్త రోబో మొదలుపెట్టినప్పుడు, డ్రాయింగులు గీయడానికి ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్ వాడాలన్న మాట వచ్చింది. టీమ్‌లో మొదటి సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి ఉండేది. వాళ్లింట్లో పత్తి పండిస్తారు. ఎప్పుడూ పెద్దగా మాట్లాడదు. ఆ రోజు మాత్రం ధైర్యం చేసింది.

"నెట్‌లనే నడిచేది తీసుకుందాం అక్కా. నా లాప్‌టాప్ పాతది, పెద్ద సాఫ్ట్‌వేర్ ఎక్కదు. దాంట్లయితే ఎవరు ఏం మార్చిండ్రో పేరుతోని కనవడ్తది. పాత డ్రాయింగు కూడ పోదు."

"వర్క్‌షాప్‌ల ఫోనే కలవది, నెట్ యాడికెళ్లి వస్తది? నీ రోబో సిగ్నల్ కోసం డాబా ఎక్కి కూసుంటది," అన్నాను.

అందరూ నవ్వారు. ఆ పిల్ల కూడా నవ్వి ఊరుకుంది. నెట్ ఒక సాకు మాత్రమే. తను చెప్పిన సాఫ్ట్‌వేర్ నాకు రాదు. మొదటి సంవత్సరం పిల్ల దగ్గర కూర్చుని నేర్చుకోవాల్సి వస్తుందని భయపడ్డాను. చివరికి ఐటీఐలో నాకు నేర్పినదే ఖాయమైంది. ఫైళ్లన్నీ వర్క్‌షాప్ కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌లో పెట్టుకున్నాం. పాపం, ఆమె క్లాసులయ్యాక వచ్చి ఆ కంప్యూటర్ ఖాళీ అయ్యేదాకా స్టూల్ మీద కూర్చునేది.

పార్ట్ లైబ్రరీ నాకే అప్పగించారు. బోల్టులు, బేరింగులు, మోటారును పట్టి ఉంచే క్లాంపులు, అన్నీ ఒక్కసారి సరిగ్గా గీసి అందులో పెడితే, టీమంతా అక్కడి నుంచే తీసుకుంటుంది. దాంతో ఒక చిక్కుంది. లైబ్రరీలో ఒక క్లాంప్‌ను మారిస్తే, దాన్ని వాడిన ప్రతి డ్రాయింగులోనూ అది మారిపోతుంది. అందుకే కొత్త సైజు కావాలంటే వేరే పేరుతో దాచాలి. ఈ నియమం పెట్టింది నేనే. స్కెచ్‌పెన్‌తో రాసి గోడకు అంటించింది కూడా నేనే.

ఒక శనివారం రోబో చేతి కోసం కొంచెం పెద్ద మోటార్లు వచ్చాయి. లైబ్రరీలో క్లాంప్ ఫైలు తెరిచి, రెండు బెజ్జాల మధ్య దూరం నాలుగు మిల్లీమీటర్లు పెంచాను. ఎవరితోనో ముచ్చట్లాడుతూ పేరు మార్చకుండానే సేవ్ కొట్టేశాను.

చక్రాల మోటార్లకు అదే క్లాంప్ వాడి ఆ పిల్ల రోబో కింది ప్లేటు గీసి అప్పటికి రెండు వారాలైంది. సోమవారం ఆ డ్రాయింగు ముషీరాబాద్‌లోని కటింగ్ షాపుకు పోయింది. అల్యూమినియం ప్లేట్లు వచ్చాక చూస్తే చక్రాల మోటార్లకు ఒక్క బెజ్జమూ కలవలేదు. పోటీ ఇంకో పది రోజుల్లోనే ఉంది.

"అసలు కొలిచావా, ఉజ్జాయింపుగా గీసేశావా?" అని ఆ పిల్లను అడిగాడు విద్యానగర్ నుంచి వచ్చే టీమ్ కెప్టెన్.

"కొలిచిన అన్నా. రెండుసార్లు కొలిచిన."

"చేను కొలిచినట్టు అడుగులేసుకుంట కొలిచినవా ఏంది?" అని వెనక నుంచి ఇంకొకడు అన్నాడు. మళ్లీ అందరూ నవ్వారు. ఈసారి ఆ పిల్ల నవ్వలేదు.

కెప్టెన్ నా వైపు తిరిగాడు. "అక్కా, లైబ్రరీ మీరే చూస్తారు కదా. క్లాంప్ కరెక్ట్‌గానే ఉందా?"

ఫైలు తెరిచాను. నా శనివారం పని కళ్లెదుటే ఉంది. ఆ గదిలో నాకున్న మర్యాదంతా ఒక్క మాటతో పోయేట్టు అనిపించింది.

"మంచిగనే ఉన్నది," అన్నాను.

ఆ పిల్లను డ్రాయింగుల నుంచి తీసేశారు. ప్లేట్లకు చేత్తో మళ్లీ బెజ్జాలు వేసుకుని టీమ్ పోటీకి వెళ్లింది. నేను పాత కొలతతో క్లాంప్‌ను మళ్లీ గీసి, ఏమీ ఎరగనట్టు లైబ్రరీలో పెట్టాను. ఆమె వర్క్‌షాప్‌కు రావడం మానేసింది. కెప్టెన్ చదువు ముగించుకుని వెళ్లిపోయాడు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ నేను ఏడాది గడిపేశాను.

మొన్న తార్నాక బస్టాపులో ఆ పిల్ల కనిపించింది. ఇంకేం ఆలోచించకుండా, చేయి పట్టుకుని అంతా చెప్పేశాను. కదలకుండా విన్నది.

"నువ్వు మార్చిన ఫైల్ ఉన్నదా అక్కా?"

"లేదు. దాని మీదనే మళ్ల సేవ్ చేసిన."

"ఎవరికన్న ఎరికేనా?"

"ఎవరికి చెప్పలే. నీకే చెప్తున్న."

నా చేతిని మెల్లగా తట్టింది. "నువ్వు మంచిదానివక్కా. నా మనసు తేలిక జేద్దామని గిట్ల అంటున్నవ్. కొలతలు నాకు రావు, నాకెరికే. గందుకే ఇప్పుడు డ్రాయింగ్ జోలికే పోతలే."

"ఒట్టు, నా తల్లి మీద ఒట్టు, నీ కొలత కరెక్టే!"

"సరే అక్కా," అంది, చిన్నపిల్లకు సర్దిచెప్పినట్టు. అంతలో బస్సు వచ్చింది. మెట్టెక్కి చెయ్యూపింది. కిటికీ పక్కన పరుగెత్తుతూ నేను ఇంకా ఒట్లు వేస్తూనే ఉన్నాను.