వలీ సార్ రెండో వాకిలి

టంకం పొగ ముక్కుకు తగిలితే చాలు, నేను కుదిర్చిన బేరాలన్నిటిలోకీ ఘనమైనది గుర్తొస్తుంది. దాచుకోకుండా చెబుతున్నాను: ఒక నాయకుడు కోరిన బొమ్మను, ఎవరూ పసిగట్టకుండా, చోటే లేని చోట ఇమిడ్చాను. ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో పెరిగినవాణ్ణి, గజం గుడ్డలో జానెడు మిగల్చడం నాకెవరూ నేర్పనక్కర్లేదు. ఆ రోజు ఎంత మురిసిపోయానో తలుచుకుంటే ఇప్పుడు నోరు చేదవుతుంది.

ఫ్యాక్షన్ రోజులవి. పెద్ద ఇళ్ల వాకిళ్లకు కెమెరాలు అప్పుడప్పుడే వస్తున్నాయి. వాటిలో పడ్డ దృశ్యాలను దాచే పెట్టెలను వలీ సార్ తన ఇరుకు గదిలో సొంతంగా తయారుచేసేవారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకుంటూ గిరాకీలతో బేరాలు చూసేవాణ్ణి. కరెంటు రాగానే పెట్టెలో మొదట మేలుకునేది బూట్‌లోడర్ అనే చిన్న ప్రోగ్రాం. మిగతా సాఫ్ట్‌వేర్ ఏ డిస్కులో ఉందో వెతికి లేపడం దాని పని. ఏయే రకం డిస్కులను గుర్తుపట్టాలో ముందే చెప్పి తయారుచేయాలి. చెప్పని డిస్కు ఎదురుగా ఉన్నా దానికి కనపడదు. మెమరీ కార్డుతో పాటు యూఎస్‌బీ డిస్కును కూడా గుర్తుపట్టి తీరాలని సార్ పట్టు.

"కార్డు ఉండగా రెండోదెందుకు సార్? జాగా దండగ" అన్నానొకసారి.

"ఏంది శెట్టీ, ఈ ఊర్లలో దొడ్డి వాకిలి లేకుండా ఇల్లు కట్టేటోన్ని యాడన్నా చూస్తివా? ముందర వాకిలి మూసుకపోయిన దినం తెలుస్తాదప్పా దాని ఇలువ."

జమ్మలమడుగు అవతలి పల్లె నాయకుడొకాయన, పెట్టె వేయగానే తెర మీద తమ పార్టీ అధినేత బొమ్మ రావాలన్నాడు. "ఇంటికొచ్చినోళ్లకు తెలియాల గదప్పా మేమెవురమో! బొమ్మ లేకుంటే పెట్టెను మీ అంగట్లోనే పెట్టుకోండి" అన్నాడు. బూట్‌లోడర్ ఉండే చిప్ శానా చిన్నది, రంగుల బొమ్మ అందులో పట్టలేదు. సార్ పనిమీద పులివెందుల పోయి ఉన్నారు. బూట్‌లోడర్‌లో ఏమేం ఉండాలో రాసిపెట్టే కాన్ఫిగరేషన్ ఫైలు తెరిచి, యూఎస్‌బీ డిస్కులను గుర్తుపట్టమనే వరుసను తీసేశాను. బొమ్మ పట్టింది. సార్‌కు చెప్పలేదు. చెబితే వద్దంటారని తెలుసు.

ఎన్నికల ముందు ఎండలకు ఆ ఇంట్లో కార్డు చెడిపోయింది. నాయకుడు ఫోన్ చేస్తే సార్ నింపాదిగా, "భయపడొద్దన్నా, మేమిచ్చిన రెండోది, ఆ యూఎస్‌బీ డిస్కు తగిలించి ఆన్ చెయ్" అన్నారు.

కాసేపటికి మళ్లీ ఫోన్. "బొమ్మ దండం పెట్టి నవ్వుతాండాది వలీ, ఆ తర్వాత ఏం రాలే!"

సార్‌కు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అయినా నోరు విప్పలేదు. సార్‌ను తీసుకురమ్మని నాయకుడు జీపు పంపాడు. అది ఎవరి జీపో, దాని కోసం ఎవరు కాచుకున్నారో చుట్టుపక్కల అందరికీ తెలుసు. 'నేను పోతాను సార్' అనాల్సింది. బేరగాణ్ణి గదా, ప్రాణాన్ని కూడా తూచుకుని కుర్చీలోంచి లేవలేదు.

జమ్మలమడుగు దాటాక జీపు మీద బాంబులు పడ్డాయి. సార్ బతికారు. టంకం పట్టే కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది.

అంగడికి తిరిగొచ్చిన రోజు ఆయన మొదట తెరిపించింది ఆ ఫైలునే. తీసేసిన వరుస మీద ఎడమచేతి వేలు పెట్టి, "బొమ్మ కోసమా?" అన్నారు.

"అవును సార్."

వేలిని కింద నెట్‌వర్క్ వరుస మీదికి జరిపారు. "ఆ ఇంట్లో నెట్‌వర్క్‌కు పనే లేదు గదప్పా. ఆ ముక్క తీసేసింటే బొమ్మా పట్టేది, డిస్కూ పట్టేది. నన్నొక మాట అడిగింటే జాగా నేను చేసిచ్చింటి."

ఆ గొంతులో కోపం లేదు. కోపముంటే దానితోనూ బేరమాడేవాణ్ణి.

సార్ ఇప్పుడు లేరు. ఈ రోజుకీ ఏ పెట్టె చేసినా, ఇచ్చే ముందు గిరాకీ కళ్లెదుటే కార్డు పీకేసి, రెండో డిస్కుతో లేపి చూపిస్తాను. దాంతో పాత బిల్లు తీరదు. నేను ఇచ్చింది ఒక దొడ్డి వాకిలి, అడగని ఒక మాట, నాది కాని ఒక కుడిచెయ్యి. నాకు దక్కింది, దండం పెట్టి నవ్వుతూ అక్కడే నిలిచిపోయిన ఒక బొమ్మ.