ఆవిడ ఎడమచెయ్యి

పొద్దున కొట్టు షట్టరు ఎత్తుతుంటే ఫోనొచ్చింది. డాక్టరు గారు. "మీ మేడమ్ పోయిందమ్మా. ఒకసారి వస్తావా?" అన్నారు. "వస్తానండీ" అన్నాను. ఇరవై ఎనిమిదేళ్లుగా తొక్కని గడప అది. అంత సులువుగా ఎలా ఒప్పుకున్నానో నాకే తెలియదు.

పోయినవాళ్లను తిట్టకూడదంటారు. నన్ను మాత్రం కాస్త తిట్టనివ్వండి. ఆ హక్కు నాకుంది.

మేడమ్ గారిది రష్యా. పందొమ్మిదో ఏట పెద్ద పియానో పోటీలో బహుమతి గెలిచి, దేశదేశాల్లో కచేరీలు చేసిన మనిషి. అక్కడ డాక్టరీ చదువుతున్న పామర్రు అబ్బాయిని, ఈ డాక్టరు గారినే, పెళ్లాడి, పియానోతో సహా విజయవాడ కాపురానికి వచ్చేశారు. ఇక్కడి నుంచే ఏటా వెళ్లి కచేరీలు చేసి వచ్చేవారట. ఒకసారి రిక్షా తిరగబడి ఎడమ మణికట్టు విరిగింది. ఎముకైతే అతుక్కుంది గానీ రెండు వేళ్లు మళ్లీ తెరుచుకోలేదు. కచేరీలు అంతటితో సరి.

మాది చల్లపల్లి దగ్గర నేత కుటుంబం. నాన్న బెజవాడలో ఇల్లిల్లూ తిరిగి చీరలు అమ్మేవాడు. పదేళ్లప్పుడు ఒకసారి ఆయన వెంట మేడమ్ గారింటికి వెళ్లాను. మేడమ్ గారు చీరలు వదిలేసి నా చెయ్యి చూశారు. మగ్గం మీద కుడిచేత్తో తాడు లాగితే పోగు మోసే నాడె అటూ ఇటూ పరిగెత్తుతుంది, ఎడమచేత్తో పలక లాగి పోగును కొట్టాలి. ఆ దెబ్బ తాళం తప్పకూడదు. ఊరికే కూర్చున్నా నా ఎడమచెయ్యి చీరల మూట మీద ఆ తాళమే వేస్తోంది.

"ఈ చెయ్యి నాకు ఇవ్వండి" అన్నారావిడ, దీర్ఘాలన్నీ మింగేసే తన తెలుగులో.

"చెయ్యేంటండీ, పిల్లనే ఉంచుకోండి. మా ఇంట్లో అల్లరి తగ్గుద్ది" అని నవ్వాడు నాన్న.

ఆ జూన్‌లో బెజవాడలో మేనత్త ఇంట్లో ఉండి బడిలో చేరాను. సాయంత్రాలు మేడమ్ గారింట్లో. మంచి సాయంత్రాలవి, అబద్ధం ఎందుకాడాలి? వానాకాలం చెమ్మకి వేళ్లతో నొక్కే మెట్లు ఉబ్బి బిగుసుకుపోతాయని పియానో లోపల ఒక బల్బు వెలిగించి ఉంచేవారు. కరెంటు పోయిందా, కరెంటాఫీసుకి ఫోను చేసి, "నా పియానోకి జలుబు చేస్తే మందు మీరు పోస్తారా?" అని దెబ్బలాట. మామిడి తాండ్ర ముక్క బుగ్గన పెట్టుకుని పాలు లేని టీ తాగేవారు. నాకూ ఒక ముక్క పెట్టేవారు. "చెవి ముందు, వేలు తర్వాత" అనేవారు. నేను తప్పు వాయిస్తే తన అత్తగారి దగ్గర నేర్చిన తిట్టు తన్నుకొచ్చేది: "నీ మొహం మండ! మళ్లీ!"

ఒకే బల్ల మీద ఇద్దరం కూర్చునేవాళ్లం. ఎడమ కొసన నేను, కుడివైపు ఆవిడ. నా ఎడమచెయ్యి, ఆవిడ కుడిచెయ్యి కలిస్తే ఒక్క మనిషే వాయిస్తున్నట్టుండేది. ఏడాదికోసారి ఊళ్లో కచేరీ పెడితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టేవారు.

"కుడిచెయ్యి ఎప్పుడు నేర్పుతారండీ?"

"కుడి తేలిక. అదే వస్తుంది."

గురువు మాటకు ఎదురుచెప్పని ఇంట్లో పుట్టాను. నమ్మాను. ఇంట్లో పియానో లేదు కాబట్టి అత్త వంటింటి గట్టు మీద కుడిచేత్తో వాయించుకునేదాన్ని. గట్టు తప్పులు చెప్పదు కదా! వచ్చేసిందనుకున్నాను.

పదిహేడో ఏట మద్రాసులో సంగీత కాలేజీ ఎంపికలకు వెళ్లాను. "ఇప్పుడే ఎందుకు?" అన్నారు మేడమ్ గారు. నేను వినలేదు. నాన్న రెండు రోజులు మగ్గం ఆపి, కొత్త పంచె కట్టుకుని నా వెంట వచ్చాడు. అక్కడ ఒక్కదాన్నే వాయించాలి. విన్న పెద్దాయన కళ్లజోడు తీసి, "ఎడమచెయ్యి విద్వాంసులదమ్మా. కుడిచెయ్యి నిన్న మొదలెట్టావా?" అన్నారు.

తిరుగు రైలు కృష్ణా వంతెన ఎక్కాక, "ఒక్క చేత్తో నేత నేర్పితే గుడ్డ దిగుద్దా అమ్మా?" అని అడిగాడు నాన్న.

స్టేషను నుంచి నేరుగా ఆవిడ ఇంటికే వెళ్లాను. "తెలిసే చేశారా?"

ఆవిడ నా మొహం చూడలేదు. నా చేతినే చూశారు. "తెలిసే. రెండూ నేర్పితే వెళ్లిపోతావు. నాకు మళ్లీ చెయ్యి పోతుంది."

కనీసం ఒక అబద్ధమైనా ఆడొచ్చుగా! ఏడేళ్లు నా ఆశని తన విరిగిన మణికట్టుకి కట్టు కట్టుకుని, ఆ మాట ఎంత తాపీగా చెప్పారు! తరువాత ప్రతి వేసవీ డాక్టరు గారి చేత తాండ్ర పంపేవారు. ఒక్క ఏడాదీ పుచ్చుకోలేదు. నాన్నకి తోడుగా చీరల కొట్టు పెట్టాను. ఇవాళ్టికీ ఏ పాట విన్నా కింద నడిచే తాళమే ముందు వినపడుతుంది. ఆ చెవి ఆవిడ పెట్టిన భిక్షే, కాదనను. కడుపుమంట మాత్రం చల్లారలేదు.

ఇవాళ నేను వెళ్లేసరికి మేడమ్ గారిని ముందు గదిలో పడుకోబెట్టారు. ఆ రెండు వేళ్లు అలాగే ముడుచుకుని ఉన్నాయి. పక్కనే పియానో, లోపల బల్బు వెలుగుతూనే ఉంది. "ఒక్కసారి వాయించమ్మా, వింటుంది" అన్నారు డాక్టరు గారు. మనసులో తిట్టుకుంటూనే వెళ్లి కూర్చున్నాను. ఎడమచెయ్యి తనంతట తానే మొదలెట్టింది.

కాసేపటికి డాక్టరు గారు దగ్గరికొచ్చి, "మధ్యలో కూర్చోమ్మా, కొసన ఎందుకు? పడతావు" అన్నారు.

అప్పుడు చూసుకున్నాను. బల్లకి ఎడమ కొసన ఒదిగి కూర్చున్నాను. నా పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు. కుడిచెయ్యి ఒళ్లో ఉంది. జరుగుదామనుకున్నాను గానీ, ఎడమచెయ్యి వాయిస్తూనే ఉంది.