టెంకా, రాయా

మా యార్డుకు రోబో వచ్చిన రోజున అందరూ కొబ్బరికాయ కొట్టి దణ్ణం పెట్టారు. నేను మాత్రం లోలోపల దానికి శాపనార్థాలు పెట్టాను.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, తోటలు దాటాక ఉంటుంది ఆ యార్డు. కూల్చేసిన ఇళ్ళ గోడలు, స్లాబులు లారీల్లో తెచ్చి పోస్తారు. వాటిలోంచి ఇనుము, చెక్క, అద్దం, ప్లాస్టిక్కు ఏరేస్తే, మిగిలిన రాయీ కాంక్రీటూ మరలో పడి పొడై కొత్త ఇటుకలవుతాయి. కదిలే బెల్టు పక్కన నిలబడి ఆ ఏరే పని నలుగురం ఆడవాళ్ళం చేసేవాళ్ళం.

నాకు షుగరు. ఒకరోజు కిటికీ అద్దం ముక్క గ్లవ్సు చీల్చుకుని కుడిచేతి చూపుడువేల్లో దిగింది. ఏడాది దాటినా మానదే! మానినట్టే మాని మళ్ళీ పచ్చిపుండయ్యేది. "ఇంకోసారి అక్కడే తెగిందంటే వేలు తీసెయ్యాల్సి వస్తుందమ్మా. ఆ పని మానెయ్" అన్నాడు డాక్టరు. ఎంత తేలిగ్గా అన్నాడో! మానేస్తే మా పొయ్యిలో పిల్లి లేవదని ఆయనకేం తెలుసు? వేలికి గుడ్డ చుట్టుకుని మళ్ళీ వెళ్ళి బెల్టు దగ్గరే నిలబడ్డాను.

అలాంటప్పుడు దిగింది ఈ రోబో. పైన కెమెరా, కింద రెండు ఇనుప చేతులు. వెంట ఒక ఇంజినీరమ్మాయి. "ఇకనుంచి బెల్టు మీద చెయ్యి పెట్టేది ఇదేనక్కా. మీరు పక్కన నిలబడి, అది వదిలేసినవి పొడుగాటి పట్టకారుతో తీస్తే చాలు" అంది.

"ముందు అలాగే అంటారులే తల్లీ. తర్వాత ఇంటికి పొమ్మంటారు" అని ముఖం మీదే అనేశాను. పాపం, ఆ పిల్ల నవ్వేసి నా చేతికి పట్టకారు అందించింది.

మొదటిరోజే ఒక పగిలిన అద్దం బెల్టు మీద నా వైపు వస్తోంది. రోబో ఠక్కున దాన్ని ఎత్తి అవతల పడేసింది. ఓర్నీ! అది నా వేల్లో దిగాల్సిన అద్దం. ఆ పూటతో నా తిట్లు ఆగిపోయాయి.

నాలుగోరోజు గొడవ వచ్చింది. అసలే మే నెల. మా ఊళ్ళో రసం మామిడిపండు చీకినవాడు టెంకను ఎక్కడ మట్టికుప్ప కనిపిస్తే అక్కడ విసురుతాడు, అది మా జన్మహక్కు. శిథిలాల నిండా అవే. సిమెంటు దుమ్ము పట్టి ఎండిన టెంకకూ రాయికీ తేడా రోబోకి తెలియలేదు. అన్నింటినీ రాళ్ళతోపాటే మరలోకి పోనిచ్చింది.

ఓనరుగారు మర కింద పొడిలోంచి దోసెడు టెంకలు తెచ్చి ఆ అమ్మాయి ముందు పోశారు. "టెంకలున్న ఇటుకలు నేనెవరికి అమ్మాలండీ? గోడల్లోంచి మామిడిమొక్కలు మొలుస్తాయి! మీ మిషను సర్దుకుని బయల్దేరండి."

"ఇక్కడ ఇన్ని టెంకలుంటాయని మాకు తెలీదండీ" అంది ఆ అమ్మాయి.

మిషను పోతే మళ్ళీ నా చెయ్యే బెల్టు మీదికి. ముందూ వెనకా చూడకుండా నోరు తెరిచాను.

"అయ్యగారూ, రెండ్రోజులు ఆగండి. టెంకంటే ఏంటో దానికి నేను చూపిస్తాను."

"నువ్వా?"

"నేనేనండీ. పదేళ్ళు మామిడికాయల షెడ్డులో కాయలు ఏరాను. నాకు తెలియని టెంక ఉందా?"

ఆయన నవ్వారు గానీ సరేనన్నారు.

రెండ్రోజులూ ఆ పిల్లా నేనూ కుప్ప ముందే కూర్చున్నాం. నేను ఒక్కొక్కటి ఎత్తి టెంకా, రాయా చెప్పడం, ఆమె ఫొటో తీసి కంప్యూటరుకెక్కించడం. నిలువెల్లా సిమెంటు పట్టినదొకటి చూసి "ఇది టెంకని ఎలా కనిపెట్టారక్కా?" అంది. మగ్గుతో నీళ్ళు చల్లాను. దుమ్ము కారిపోయి అంచున పీచు బయటపడింది. "రాయికి పీచుంటుందా, పిచ్చిపిల్లా?" అన్నాను. ఒక్క గంతు వేసి లేచింది. సాయంత్రానికల్లా తోటల్లో మందు కొట్టే స్ప్రేయరు ఒకటి కొనుక్కొచ్చి, కెమెరాకు ముందు బెల్టు మీద నీళ్ళు పడేలా కట్టింది.

మర్నాడు ఓనరుగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. బెల్టు కదిలింది. తడిసిన టెంకలు ఒక్కొక్కటే రోబో చేతికి చిక్కుతుంటే, కన్నబిడ్డ పరీక్ష రాస్తున్నట్టు నాకు ఊపిరాడలేదు. రెండు వదిలేసింది. అవి నేను పట్టకారుతో తీశాను. "ఉండనివ్వండి" అన్నారాయన. ఆ అమ్మాయి నా మట్టిచీరను పట్టించుకోకుండా నన్ను వాటేసుకుంది. ఇద్దరం ఏడ్చాం. సిగ్గేముంది?

ఆమె చెప్పినట్టే మాలో ఎవరినీ పొమ్మనలేదు. నా నోటిదురుసును ఓర్చుకున్న ఆ పిల్ల ఇప్పుడు ఏ ఊళ్ళో ఉందో గానీ, చల్లగా ఉండాలని రోజూ అనుకుంటాను. ఆ ఇనుప చేతులకూ దణ్ణం పెట్టుకుంటాను, నవ్వేవాళ్ళు నవ్వనీ.

మరుసటి వేసవిలో ఆవకాయ పెట్టాం. అంతకుముందు రెండేళ్ళూ మా అత్తే కలిపింది, నేను దూరంగా కూర్చుని చూసేదాన్ని. ఈసారి బేసిన్లో ఉప్పూ కారం ఆవపిండీ పోసి, కుడిచెయ్యి మణికట్టు దాకా ముంచాను. అత్త నూనె పోయడం ఆపి నా ముఖంలోకి చూసింది.

"మండుతోందా?"

మండలేదు. ముక్కలు జాడీకెత్తాక బేసిన్లో వేడన్నం వేసి, ఐదు వేళ్ళతోనూ కలిపి, మొదటి ముద్ద ఆమె నోట్లో పెట్టాను.