ఇరవై రెండు గజాల నల్లమట్టి

పదిహేను రోజులకొకసారి, ఎండ ముదరకముందే, మా ఊరి పడమటి పొలాల్లో పరచిన సోలార్ పలకలను కడగడానికి నీళ్ల ట్యాంకరు వస్తుంది. ఆ పొద్దు పలకలు కడిగే కూలికి పోయిన నాయనకు సద్ది పట్టుకుని నేను కంచె దాటి లోపలికి పోతాను. పలకల మీద నుంచి జారిన నీళ్లు కింది ఎర్రమట్టిలో ఇంకినప్పుడు లేచే వాసన ఈ నేల మీద పుట్టినవాళ్లందరికీ తెలిసిందే. నాలుగో వరుస దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ వాసన మారిపోతుంది. ఎండిన చెరువు అడుగు మళ్లీ తడిసినట్టు, కాస్త బరువుగా, జిగటగా ఉంటుంది. అది నల్లరేగడి వాసన. కనుచూపు మేరంతా ఎర్రనేలే ఉన్నచోట అంత ఇరుకైన పట్టీలో నల్లమట్టి ఎందుకుందో ఆ కంపెనీవాళ్లకు తెలియదు. ఊళ్లో తెలిసినవాళ్లం చాలామందిమి ఉన్నాం గానీ, ఎవరమూ ఆ మాట ఎత్తం.

నా చిన్నప్పుడు ఆ చోటు ఊరుమ్మడి కళ్ళం. వాన పడిన ఏడు, మేము చెనిక్కాయ అనే వేరుశనగ చెట్లు పెరికి అక్కడ వామి వేసేవాళ్లు. కొర్రలు, ఉలవలు పరిచి ఎద్దులతో రాతిగుండు లాగించేవాళ్లు. పొట్టు గాలికి లేచి మా ఒళ్లంతా దురదలు పెడితే, ఆ దురదతోనే ఉడికించిన పచ్చి చెనిక్కాయలు ఒడినిండా పోసుకుని, వేళ్లు నల్లబడేదాకా ఒలుచుకుని తినేవాళ్లం. వాన పడని ఏళ్లే ఎక్కువ. ఆ ఏళ్లలో కళ్ళం మొత్తం పిల్లలదే. మగపిల్లలు బిళ్లంగోడు లాంటి చిల్లాకట్టె ఆడి, అది విసుగు పుడితే తుమ్మకట్టె బ్యాటుతో క్రికెట్ ఆడేవాళ్లు. బంతి మాత్రం మా ఇంట్లో తయారయ్యేది. మాది దూదేకుల ఇల్లు. నాయన హుసేనప్ప పరుపులు కుట్టేవాడు. పరుపు గుడ్డ ముక్కలో పత్తి గట్టిగా కూరి, పెద్ద సూదితో ఆయన కుట్టిన బంతి గోడకు తగిలితే అచ్చం తోలుబంతిలా చప్పుడయ్యేది. ఏకిన పత్తి కనుబొమల మీద, మీసాల మీద మంచులా అతుక్కుని ఉండగానే, ఆయన దూదేకే విల్లు పక్కన పెట్టి లేచి, వాకిట్లో ఆరడుగులు పరుగెత్తి, ఎడమచేత్తో ఆ బంతిని గోడకేసి విసిరేవాడు. అది ఆయన సొంత పరుగు కాదు. ఒక బౌలరును చూసి నేర్చుకున్నది.

ఆ బౌలరు పేరు ఇక్కడ రాయను. దేశం తరఫున కొన్నాళ్లు ఆడాడు, మన సీమలోనే ఒక మెట్ట ఊరిలో పుట్టాడు, ఎడమచేతి వాటం. నాయనకు ఇవి చాలు. టీ అంగడిలో టీవీ ముందు కూర్చుని, ఆ బౌలరు వికెట్ తీసిన రోజు ఇంటికి బొరుగులు, కారా పొట్లం కట్టించుకుని వచ్చేవాడు. వికెట్ తీయని రోజు మాతో మాట్లాడేవాడు కాదు. అమ్మ నవ్వేది, "ఆయప్పకు నువ్వుండావని తెలుసునా?" అని. "తెలియాల్సిన పనేముండాది మే, నాకు తెలుసు గదా ఆయన" అనేవాడు నాయన.

నా బడి చదువు పదో తరగతితో ఆగిపోయింది, గ్రంథాలయంలో చదువు మాత్రం ఆగలేదు. బడికి పోయే రోజుల్లోనే, శనివారం వస్తే రాప్తాడు బస్సెక్కి, అక్కడి ఒంటిగది గ్రంథాలయంలో సాయంత్రం దాకా కూర్చునేదాన్ని. మూడు బీరువాల్లో ఉన్నవన్నీ వరుసగా చదివాను. తేనెటీగల పెంపకం నుంచి హోమియో మందుల దాకా ఏదీ వదల్లేదు. ఏదైనా కొత్త సంగతి తెలిస్తే ఊరంతటికీ చెప్పకుండా ఉండలేకపోయేదాన్ని. నాకు పన్నెండేళ్లప్పుడు, వరసగా మూడో ఏడు కూడా వాన మొహం చాటేసిన ఎండాకాలంలో, మా సర్పంచి తన తండ్రి పేరు మీద కళ్ళంలో క్రికెట్ పోటీలు పెట్టించాడు. ప్రారంభానికి ఆ బౌలరే వస్తున్నాడన్న కబురు నాయన చెవిన పడింది. ఆ శనివారం నేను అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో ఆటస్థలాల, క్రికెట్ పిచ్‌ల తయారీ గురించి చదివి, మూడు పేజీలు నోటుబుక్కులో ఎక్కించుకుని వచ్చి, అన్నం తింటున్న నాయనకు గట్టిగా చదివి వినిపించాను. నల్లమట్టి పరచాలి, తడపాలి, గుండు దొర్లించాలి, ఆరనివ్వాలి, మళ్లీ తడపాలి. నాయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయి విన్నాడు. ఇప్పుడు తలచుకుంటే, ఆ పొద్దు బస్సు తప్పిపోయి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది.

తెల్లారే నన్ను వెంటబెట్టుకుని సర్పంచి అరుగు దగ్గరికి పోయాడు. "పిచ్ మింద చాప పరిస్తే అయిపాయ గదప్పా హుసేనా, ఎందుకీ తిప్పలు?" అన్నాడు సర్పంచి. ఆ బౌలరు మన ఊరి నేల మీద బంతి వేయాలంటే నేల ఉండాలి కదా అన్నాడు నాయన. "చేసుకో పో. ట్యాంకరు నీళ్లు మాత్రం అడగొద్దు" అని ఆయన పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మట్టి దొరికింది. బండల కోసం తాడిపత్రికి పోయే లారీ డ్రైవరు ఒకడు, నాయన కుట్టిన పరుపు మీద పడుకునేవాడే, ఒకసారి తిరుగు ప్రయాణంలో బండలకు బదులు అటుపక్క నల్లరేగడి వేసుకొచ్చి కళ్ళంలో దింపిపోయాడు. గుడ్డ కొలిచే ఇనుప గజంకోలతో నాయన నేల మీద వంగి పిచ్‌కు ఇరవై రెండు గజాలు కొలిచాడు. మిగిలింది నీళ్లు. ట్యాంకరు మూడు రోజులకొకసారి వచ్చేది, ఇంటికి ఆరు బిందెలు. తాగడానికీ వండడానికీ పోను, స్నానం అన్న మాటే మరిచిపోయిన కాలం అది.

మా ఊళ్లో పీర్ల పండగకు నిప్పుల గుండం తవ్వితే, ఏ కులమని లేకుండా ఇంటికొక కట్టె తెచ్చి వేస్తారు. మలీద ముద్దలు, పానకం అందరూ తింటారు, తాగుతారు. నాయన ఆ వాడుకనే పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. "గుండానికి ఇంటికొక కట్టె ఇస్తారు గదా, దీనికి ట్యాంకరు వచ్చినప్పుడల్లా ఇంటికొక బిందె ఇయ్యండి" అన్నాడు. ఎదురింటి లక్ష్మక్క నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"ఆయప్ప వచ్చి ఒక్క బాలన్నా ఏస్తాడా, కారద్దం దించి చెయ్యూపి పోతాడా?"

"ఏస్తాడక్కా. ఏయకుంటే నన్నడుగు."

"నిన్నడిగితే నీళ్లొస్తాయా? నిన్ను పిండితే పత్తి రాలతాది" అంది గానీ, బిందె ఎత్తి ఇచ్చింది. అందరూ ఇచ్చారు. నాయన మీద గౌరవమో, టీవీలో కనబడే మనిషి తమ నీళ్లతో తడిసిన నేల మీద అడుగు పెడతాడన్న ఆశో, అది నాకు ఇప్పటికీ తేలలేదు.

పుస్తకంలో ఉన్నట్టు చేయడానికి మా నీళ్లు సగానికి కూడా చాలలేదు. అప్పుడు నాయన తనకు తెలిసిన పద్ధతి పట్టాడు. మట్టి తడిపి, ఎద్దులతో రాతిగుండు లాగించి, పగుళ్లు రాకుండా చెనిక్కాయ పొట్టు చల్లి, పైన కళ్ళం అలికినట్టే పేడనీళ్లతో అలికించాడు. పన్నెండు రోజులకు అది నున్నగా, గట్టిగా, తట్టితే తలుపు చెక్కలా మోగింది. పోటీల రోజు తెల్లారుజామున, అలికిన నేల బోసిగా ఉండటం చూడలేక, లక్ష్మక్క ఇంకో ఇద్దరు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, ఈ కొన నుంచి ఆ కొన దాకా ముగ్గు వేసింది. నాయన వద్దనలేదు. ముగ్గు అంచు బంతికి అడ్డం వస్తుందేమోనని మాత్రం ఒకసారి చేత్తో తడిమి చూసుకున్నాడు.

పదింటికి వస్తాడన్న మనిషి ఒంటిగంట దాటినా రాలేదు. ఎండకు ఒకచోట వెంట్రుకంత పగులు విచ్చింది. నాయన గోనెపట్టలు తడిపి కప్పాడు. అవి ఆరిపోతే, ఇంటికి పరుగెత్తి మేము తాగే నీళ్ల బిందె ఎత్తుకొచ్చాడు. అమ్మ వెనకే వచ్చి గోనెపట్ట రెండో కొన పట్టుకుంది. చుట్టూ తాడు కట్టిన కళ్ళం బయట చుట్టుపక్కల పది ఊళ్ల జనం. ఆ కబురు విన్నప్పటి నుంచీ నాయన రోజూ రాత్రి మాకు వినిపించిన మాటలు, బౌలరు ఎదురైతే ఏమనాలో అన్నవి, పెదవులతో మళ్లీ మళ్లీ అనుకుంటున్నాడు.

తెల్లకారు వచ్చింది. టీవీలో కంటే సన్నగా, పొడుగ్గా ఉన్నాడాయన. వెంట ఉన్న పట్నం మనిషి ఆ ముగ్గు చూసి పెద్దగా నవ్వి, "ఇదేంటండీ, పిచ్చా, పెళ్లివాకిలా?" అన్నాడు. బౌలరు నవ్వలేదు. కాసేపు చూసి, తాడు దగ్గర వంగి, బూట్లు విప్పాడు.

"మా ఊర్లో కళ్ళం మాదిరే ఉండాది. ముగ్గేసిన కళ్ళం మింద బూట్లతో తొక్కకూడదు" అన్నాడు. జనం ఈలలు వేశారు. ఆయన ఉత్తకాళ్లతో లోపలికి నడిచి, గొంతుక్కూర్చుని, వేలిగణుపుతో నేలను తట్టి విన్నాడు.

"ఎవరప్పా చేసింది?"

నాయన రెండడుగులు ముందుకు వేశాడు. నోరు తెరిచాడు. అన్ని రాత్రులు అనుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు. బౌలరు ఆయన చేతులు చూశాడు, పేడ ఆరిన ఆ చేతులను, చూసి తలూపాడు. ఇక ఊరుకోలేక నేను నోటుబుక్కు పట్టుకుని దూరి, "అన్నా, నీళ్లు పొద్దున పొయ్యాల్నా, సాయంత్రం పొయ్యాల్నా? పుస్తకంలో రాయలేదు" అన్నాను.

"మంచి మాట అడిగినావు పాపా" అని నవ్వాడు. "చెప్తా ఉండు. ముందు బాలు తెప్పించండి, ఒకటి ఏసి చూస్తా."

బంతి ఎవరో విసిరారు. ఆయన ఎడమచేత్తో అందుకుని, కొలత చూసుకుంటూ ఆరడుగులు వెనక్కి నడిచాడు. మా వాకిట్లో రోజూ చూసిన ఆరడుగులే.

అప్పుడు తాడు తెగింది. సెల్‌ఫోన్లు పైకెత్తుకుని జనమంతా ఒక్కసారి లోపలికి వచ్చారు. "ముగ్గు... నేల పగిలిపోతాదప్పా, నిలబడండి, ఒక్క బాలు ఏయనీండి" అంటూ నాయన చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. ఎవరిదో చెప్పు బౌలరు ఉత్తకాలి మీద పడింది. ఆయన కేక వేశాడు. మరుక్షణం ఆ ముఖం వేరే మనిషిది. దగ్గరున్న మనిషిని రెండు చేతులతో తోసి, పచ్చి బూతు మాట అని, "పశువులప్పా మీరు!" అన్నాడు. ఆయన తోసింది నాయననే. తను ఎవరిని తోశాడో ఆయన చూడలేదు. నాయన తన నేల మీదే వెల్లకిలా పడ్డాడు. కారు తలుపు పడింది, దుమ్ము లేచింది, అంతే. ఆయన విప్పిన బూట్లు కూడా ఎవరో ఎత్తుకుపోయారు. అందులో ఒకటి చాలా ఏళ్లు టీ అంగడిలో మేకుకు వేలాడింది.

సాయంత్రానికి అక్కడ ముగ్గు లేదు, నున్నదనం లేదు, వేల అడుగుల కింద నలిగిన నల్లపొడి ఉంది. పోటీలు పక్కన చాప పరిచి ఆడించారు. లక్ష్మక్క తన ఖాళీ బిందె కోసం వచ్చింది. నాయన తల ఎత్తకుండా ఆమె మాట కోసం కాచుకున్నాడు. ఆమె బిందె చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. ఏదైనా అని ఉంటే బాగుండేది.

"తోసినాడు గదా నాయనా నిన్ను" అన్నాను ఆ రాత్రి కోపం పట్టలేక.

"కాలు తొక్కితే ఎవరికైనా నొయ్యదా మే? ఆయప్పేం చేస్తాడు, అంతమంది మింద పడితే."

పది రోజుల తర్వాత మ్యాచ్ వచ్చింది. అందులో ఆయన లేడు. కాలి గాయం అన్నారు టీవీలో. తర్వాత మ్యాచ్‌లోనూ లేడు. తర్వాతి ఏడు రెండు మూడుసార్లు కనబడి, మెల్లగా కనబడటం మానేశాడు. మా ఊరి వల్లేనని ఎవరూ చెప్పలేదు. కాదని చెప్పగలిగినవాళ్లూ మాకు దొరకలేదు. "నేను కళ్ళం మాదిరి అలకకపోయింటే ఆయప్ప బూట్లు ఇప్పకపోవును" అని నాయన ఒకే ఒక్కసారి, పరుపు కుడుతూ, సూదికేసి చూస్తూ అన్నాడు. వాకిట్లో ఆరడుగుల పరుగు ఆ తర్వాత నేను చూడలేదు.

ఇప్పుడు కళ్ళం లేదు. చెనిక్కాయ నూర్పిడి మిషన్లలో జరిగిపోతుంది. రాతిగుండు ఎక్కడో పొదల్లో పడి ఉంది. పత్తి ఏకే విల్లు అటక మీద ఉంది, పరుపులు పట్నం నుంచి బస్సు మీద వస్తున్నాయి. లక్ష్మక్క పోయి నాలుగేళ్లు. ఆ పొద్దు బౌలరును నేను అడిగిన ప్రశ్నకు జవాబు కోసం చాలా పుస్తకాలు తిరగేశాను, అనంతపురం పెద్ద గ్రంథాలయంలో కూడా. జవాబులు ఉన్నాయి గానీ, అవన్నీ నీళ్లున్న ఊళ్ల కోసం రాసినవి.

నిన్న సద్ది తీసుకుని పోయేసరికి నాయన పైపు పట్టుకుని నాలుగో వరుస దగ్గర ఉన్నాడు. పలక ఎప్పుడో శుభ్రమై తళతళలాడుతోంది. నీళ్లు దాని మీదుగా జారి కింద నల్లపట్టీలోకి ఇంకుతున్నాయి, అక్కడక్కడా గరిక పచ్చగా లేచింది. దూరం నుంచి సూపర్‌వైజరు కేకేశాడు.

"ఏమప్పా హుసేనప్పా, ఎంతసేపు ఆడ్నే నిలబడతావు?"

"ఈడ మురికి ఎక్కువుండాది సామీ" అన్నాడు నాయన, పైపు కదల్చకుండా.